నూకరత్నం బొటనవేలికి విశ్రాంతి

2024 మార్చి మొదటివారం. పలాసలో జీడి సీజను మొదలైందంటే నా క్లినిక్కుకీ సీజను మొదలైనట్టే. నేను ఫిజియోథెరపిస్టును. మందులూ ఇంజక్షన్లూ లేకుండా, వ్యాయామంతోనూ కరెంటు పరికరాలతోనూ కీళ్లనూ కండరాలనూ దారికి తెచ్చే పని నాది. కాశీబుగ్గ వైపు రోడ్డు మీద రెండు గదులు, మూడు బల్లలు, గోడకు ఒక కప్పీ, తాడు. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాను. జీడి ఫ్యాక్టరీల్లో పొద్దస్తమానం కూర్చుని పనిచేసే ఆడవాళ్లు నడుం పట్టుకుని వస్తారు. ఉద్దానం తీరం నుంచి వలలు లాగే మగవాళ్లు భుజం పట్టుకుని వస్తారు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి నడక చూసి నొప్పి ఎక్కడో చెప్పేయగలనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ రోజు బారువ నుంచి అప్పలమ్మ వచ్చింది. ఏడెనిమిదేళ్లుగా నడుం నొప్పితో నా దగ్గరికి తిరుగుతున్న మనిషి. భర్త సముద్రం మీద వేటకు వెళ్తాడు, ఈమె ఇంటి దగ్గర జీడిపిక్కలు కొడుతుంది. నేను అలవాటుగా బల్ల మీద దుప్పటి సర్దుతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు కాదు డాట్రమ్మా. మా గుంటకి. దీని సెయ్యి ఓపాలి సూడు."

వెనకాల నిలబడ్డ కూతురికి ఇరవై నాలుగేళ్లుంటాయి. పేరు నూకరత్నం. కుడిచేతిని ఎడమచేత్తో పొదివి పట్టుకుని ఉంది. విశాఖపట్నంలో ఒక బౌలింగ్ సెంటర్‌లో పనిచేస్తానని, బౌలింగ్ టోర్నమెంట్లు ఆడతానని చెప్పింది.

"క్రికెట్టా?" అన్నాను.

ఈ ప్రశ్న ఎన్నోసార్లు విన్నట్టుంది, విసుక్కోకుండా చెప్పింది. "కాదు మేడమ్. నున్నటి చెక్క దారి ఉంటుంది, లేన్ అంటారు. అటు చివర పది పిన్నులు నిలబెడతారు. ఇటునుంచి బాల్ దొర్లించి వాటిని పడగొట్టాలి. బాల్‌కి మూడు చిల్లులుంటాయి. బొటనవేలు ఒకదాన్లో, రెండు వేళ్లు మిగతావాటిలో పెట్టి పట్టుకోవాలి."

"బరువెంత?"

"నాది పద్నాలుగు పౌండ్లు. ఆరు కిలోలు దాటుతుంది."

ఆ సెంటర్‌లో ఆమె చేరింది షూ కౌంటర్లో. ఆడటానికి వచ్చినవాళ్లకు కాలి సైజు బూట్లు ఇవ్వడం, తిరిగి తీసుకుని తుడిచి అరల్లో పెట్టడం ఉద్యోగం. పొద్దున్న జనం రాకముందు లేన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి నాలుగు బంతులు వెయ్యమనేవారు. అలా వేసి వేసి, నాలుగేళ్లలో చెన్నై, బెంగళూరు టోర్నమెంట్లదాకా వెళ్లింది. "వల విసిరే ఇంట్లో పుట్టినదానివి, నీకు విసరడం ఎవరు నేర్పాలిలే" అన్నాను. "విసరకూడదు మేడమ్, వదలాలి. బొటనవేలు ముందు బయటికి రావాలి, తర్వాత మిగతావి" అంది. ఆ పిల్ల మాట్లాడే తీరు నాకు అప్పుడే నచ్చింది.

బొటనవేలు లోపలికి మడిపించి పిడికిలి మూయించి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచాను. "ఓలమ్మో!" అని ఎగిరిపడింది. అంతే, నాకు విషయం తేలిపోయింది. టెండన్ అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు. బొటనవేలిని పైకి లేపే టెండన్లు రెండు మణికట్టు దగ్గర ఒక సన్నటి గొట్టంలోంచి పోతాయి. అతిగా వాడితే ఆ గొట్టం వాచి, తాళ్లు లోపల ఒరుసుకుంటాయి. ఆరు కిలోల బంతిని రోజూ అన్నిసార్లు మోస్తే వాయక ఏమవుతుంది? వేలు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ అనే పట్టీ కట్టాను. చీటీ మీద 'పదిహేను రోజులు పూర్తి రెస్టు' అని రాసి ఇచ్చాను.

చీటీ చూసి పిల్ల ముఖం వాడిపోయింది. "ఇంకా మూడు టోర్నీలున్నాయి మేడమ్. ఇప్పుడాగితే నా పని అయిపోయినట్టే" అని సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

వాళ్ల ర్యాంకింగ్ ఎలా కడతారో ఆ పుస్తకం చూసే తెలుసుకున్నాను. టోర్నమెంటులో ఏ స్థానం వస్తే దానికి తగినన్ని పాయింట్లు. పెద్ద టోర్నమెంటుకు ఎక్కువ, చిన్నదానికి తక్కువ. గడిచిన ఏడాదిలో ఎన్ని ఆడినా అందులో మంచివి ఐదే లెక్కలోకి వస్తాయి. ఏడాది నిండిన పాయింట్లు రాలిపోతాయి. మే నెలాఖరుకి జాబితాలో మొదటి పదహారు మందిని జాతీయ జట్టు ఎంపిక శిబిరానికి పిలుస్తారు. నూకరత్నం పంతొమ్మిదో స్థానంలో ఉంది. పదహారో స్థానానికి ఇరవై పాయింట్లు తక్కువ. ఈసారి శిబిరానికి పిలుపు రాకపోతే టోర్నమెంట్లకిచ్చే సెలవులు సగానికి కోసేస్తామని సెంటర్ వాళ్లు చెప్పేశారట. అందుకే మిగిలిన మూడూ ఆడేయాలన్నది ఆమె పట్టు.

నాకు చిన్నప్పట్నించీ లెక్కలంటే సరదా. పుస్తకం నా వైపు తిప్పుకున్నాను. "ఈ నెలాఖర్న విశాఖలో చిన్నది ఉంది కదా. గెలిస్తే ఎన్నొస్తాయి?"

"ముప్పై."

"నీ ఐదింట్లో అన్నిటికన్నా తక్కువది?"

"ఇరవై రెండు."

"అంటే గెలిస్తే నీకు పెరిగేది ఎనిమిది. నాలుగో స్థానమో ఐదో స్థానమో వస్తే సున్నా. దానికోసం చెయ్యి విరగ్గొట్టుకుంటావా? దాన్ని వదిలెయ్. ఏప్రిల్లో చెన్నైది ఆడు. మేలో బెంగళూరు పెద్దది ఎలాగూ ఆడాలి."

బెంగళూరుది ఎందుకు తప్పనిసరో ఆమే చెప్పింది. కిందటేడు అక్కడ వచ్చిన నలభై ఎనిమిది పాయింట్లు ఈ మేలో రాలిపోతాయి. వెళ్లి వాటికి బదులు తెచ్చుకోకపోతే ఇంకా కిందికి జారుతుంది. కాసేపు గింజుకుని ఒప్పుకుంది. "డాట్రమ్మ సెప్పింది ఇను. ఇంటికాడ ఉండు పదేను రోజులు" అని అప్పలమ్మ కూతురి భుజం తట్టింది.

పదిహేను రోజుల తర్వాత తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. స్ప్లింట్ విప్పి చూద్దును కదా, వాపు తగ్గకపోగా పెరిగింది. బొటనవేలి లోపలివైపు తోలు పొరలు పొరలుగా లేచింది. వేళ్ల కొసలన్నిటికీ ఎర్రగా, చిక్కగా గోరింటాకు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాల్ పట్టావు కదూ?"

"లేదు మేడమ్."

"నా దగ్గరా అబద్ధాలు? రెస్టిస్తే వాపు దిగుతుంది గానీ పెరగదు. ఈ తోలు ఎలా లేచింది? చిల్లులో ఒరుసుకునేగా? గోరింటాకు పెట్టుకోడానికి మాత్రం భలే తీరిక దొరికింది దొరసానికి!"

బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నూకరత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకూ జాగ్రత్తగా మాట్లాడుతున్న పిల్లకి ఇంటి మాట వచ్చేసింది. "నాను ముట్టనేదు మేడమ్. బాల్ విశాపట్నంలోనే ఉండిపోనాది. మా అమ్మ తోడు" అని బయటికి వెళ్లిపోయింది.

"నిజిమే డాట్రమ్మా," అంది అప్పలమ్మ నెమ్మదిగా, "గుంట గుమ్మం దాటనేదు."

"అయితే దెయ్యం వచ్చి ఆడిపోయిందా?" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

సోంపేటలో పక్షవాతం వచ్చిన పెద్దాయనకు వారానికోసారి ఇంటికెళ్లి వ్యాయామాలు చేయించేదాన్ని. ఆ వారం అక్కడ పని అయ్యాక కూడా పలాస బస్సెక్కడానికి మనసొప్పలేదు. అమ్మ తోడని ఒట్టేసిన పిల్ల ముఖమే కళ్లముందు ఆడుతోంది. ఆటో మాట్లాడుకుని బారువ వెళ్లాను. ఒడ్డున తెప్పలు, ఇసుకలో ఆరబోసిన చేపలు దాటి, అడిగిన రెండో మనిషే ఇల్లు చూపించాడు.

అరుగు మీద గోనెపట్టా పరిచి కాల్చిన జీడిపిక్కలు పోసి ఉన్నాయి. చుట్టూ అప్పలమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు, వాళ్ల మధ్య నూకరత్నం. ఎడమచేత్తో కర్రతో పిక్క కొడుతోంది. కుడి బొటనవేలితో పెంకులోంచి పప్పును ఎగదోస్తోంది. అదే గోటితో పొట్టు గీకి పళ్లెంలో వేస్తోంది. మళ్లీ ఇంకో పిక్క. పెంకులోంచి కారే జీడి నూనె చేతిని కాల్చకుండా పక్కన చిప్పలో బూడిద. నేనిచ్చిన స్ప్లింట్ మాసిపోకుండా గోడ మేకుకి భద్రంగా వేలాడుతోంది.

"ఏటి సేత్తన్నావే?" అన్నాను. నా నోటా ఇంటి మాటే వచ్చింది.

ఆ పిల్ల లేచి నిలబడింది. ముఖంలో తప్పు చేశానన్న భయం లేదు, నేనెందుకొచ్చానా అన్న ఆశ్చర్యమే ఉంది. "రెస్టే మేడమ్. ఇంటికాడే ఉన్నాను కదా."

"నిన్నెవరు చెయ్యమన్నారు?"

"ఎవులూ సెయ్యమన్లేదు. అమ్మ ఒద్దనే అంది. ఊరికే కూకుని తింతంటే సిగ్గేసింది మేడమ్. అందరి సేతులూ ఆడతన్నాయి, నా సేతులొక్కటే ఒళ్లో ఎట్టుకుని ఎలగ కూకోను?"

గోరింటాకు సంగతీ అడిగాను. జీడి నూనెకి వేళ్లు నల్లబడతాయి. ఆ వేళ్లతో సెంటర్‌లో బూట్లు అందిస్తే జనం అదోలా చూస్తారని, నలుపు కనపడకుండా పెట్టుకుందట. నేను పలాసలో పుట్టి పెరిగినదాన్ని. మా మేనత్త వేళ్లు ఆ నలుపుతోనే పోయేదాకా ఉన్నాయి. గోరింటాకు చాటున దాన్ని పోల్చుకోలేకపోయాను. పెంకు ఊడదీసే ఆ బొటనవేలి కదలిక, నేను ఏ టెండన్‌కి విశ్రాంతి ఇవ్వమన్నానో సరిగ్గా దాన్నే రోజంతా రాపాడిస్తోంది. బంతిదైతే రోజుకి కొన్ని పదులసార్లు. ఇక్కడ పొద్దుట్నించి సాయంత్రందాకా లెక్కే లేదు.

అరుగు అంచున కూలబడ్డాను. మా వైపు ఒక ఆడమనిషికి రెస్టు అని రాసిస్తే, జీతం పని మాని ఇంటికాడ ఉండమని అర్థం. ఇంటికాడ చేతులకి ఉండే పని పనిలోకే రాదు. ఏడెనిమిదేళ్లుగా అప్పలమ్మకి కూడా అదే చీటీ రాస్తున్నాను. నొప్పి తగ్గలేదని వచ్చినప్పుడల్లా నా మాట వినలేదని ఆమెనే తిట్టాను. ఆమె ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

"నలుగురిలో తిట్టాను, నలుగురిలోనే చెప్తున్నాను. తప్పు నాదేనమ్మా, నీది కాదు" అన్నాను నూకరత్నంతో.

"ఊరుకో డాట్రమ్మా, అంత మాటనకు" అని అప్పలమ్మ మంచినీళ్లు తెచ్చింది. నూకరత్నం బూడిద చేతులు లంగాకి తుడుచుకుంటూ నిలబడింది.

అప్పుడు లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఇక మీదట పదిహేను రోజులు నిజంగా ఆపితే చెన్నై టోర్నమెంటుకి సాధన చేయడానికి నాలుగు రోజులు కూడా మిగలవు. "ఎలాగోలా ఆడేస్తాను మేడమ్. ఆరో స్థానం వచ్చినా ముప్పై అయిదు. ఇరవై రెండు పోయి ముప్పై అయిదు చేరతాది" అని బతిమాలింది. వాకిట్లో వల బాగుచేసుకుంటున్న తండ్రి అంతా వింటూనే ఉన్నాడు, తలెత్తాడు.

"సెన్నై ఎల్లి ఆడితే, తరవాత పెద్దాటకి దీని సెయ్యి ఉంటాదా డాట్రమ్మా?"

"చెప్పలేను. ఉండకపోవచ్చు."

"పెద్దదానికి ఎల్లకపోతే ఏటవుతాది?"

"ఉన్న నలభై ఎనిమిదీ పోతాయి నాన్నా" అంది నూకరత్నం.

"అయితే పెద్దదానికే ఎల్లు. సెన్నై ఒగ్గీ" అన్నాడు, మళ్లీ వల మీదికి వంగాడు. నూకరత్నం నోటు పుస్తకం తెచ్చి చెన్నై మీద గీత కొట్టింది.

పాత చీటీ చింపేసి కొత్తది రాశాను. ఈసారి రెస్టు అన్న మాటే లేదు. పిక్కలు ముట్టుకోకూడదు. కొబ్బరి కోరకూడదు. చేప తోమకూడదు. బట్టలు పిండకూడదు. బిందె ఎత్తకూడదు. జడ తనంతట తాను వేసుకోకూడదు. కూతురు చదువుతుంటే అప్పలమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మ, మరింకేటి మిగిలింది?" అని నవ్వి, మేకు మీది స్ప్లింట్ తీసి తనే కట్టింది.

ఆ పదిహేను రోజులూ అప్పలమ్మ ఇరవై నాలుగేళ్ల కూతురికి జడ వేసి, అన్నం కలిపి నోట్లో పెట్టింది. "ఊరంతా వచ్చి నన్ను బాలింతని సూసినట్టు సూసి ఎల్తన్నారు మేడమ్" అని నూకరత్నం ఫోన్లో మొరపెట్టుకునేది. వాపు దిగింది. తర్వాత రబ్బరు బ్యాండుతో వేలి వ్యాయామాలు చేయించాను. విశాఖలో బంతికి బొటనవేలి చిల్లు వెంట్రుకవాసి పెద్దది చేయించుకుంది. వేలు వాచిన రోజు చిల్లులోని టేపు ఒక పొర తీసేయడం, సన్నబడిన రోజు ఒక పొర అంటించడం అలవాటు చేసుకుంది. చిల్లు వేలికి సరిగ్గా సరిపోతే బంతిని గట్టిగా పిసికి పట్టాల్సిన పని ఉండదు.

మేలో బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. ఆరో స్థానం, అరవై పాయింట్లు. నేను కేక పెట్టాను. బల్ల మీద పడుకున్న పేషెంటు అదిరిపడ్డాడు.

"జాబితాలో ఎంత?" అన్నాను.

"పదిహేడు మేడమ్."

లెక్క దానంతట అదే తలలో తిరిగింది. నలభై ఎనిమిది పోయి అరవై వచ్చాయి. పన్నెండు పెరిగాయి. ఇంకా ఎనిమిది తక్కువ. చెన్నైలో ఆరో స్థానం వచ్చి ఉంటే పదమూడు పెరిగేవి. నేను మొదటి చీటీ సరిగ్గా రాసి ఉంటే మార్చిలోనే చెయ్యి బాగుపడేది, చెన్నై ఆడేది. దాచుకోలేకపోయాను, ఆ మాట ఆమెతోనే అనేశాను.

"ఆ లెక్క నాను కూడా సేసుకున్నాను మేడమ్" అంది. "బాధగానే ఉంది. అబద్ధమెందుకు. కానీ మూడు రోజులాడినాను, బొటనేలు ఒక్కపాలి కూడా నొప్పెట్టనేదు. ఈ అరవై ఏడాదిదాకా నాయే, ఎక్కడికీ పోవు. ఊరుకోండి మేడమ్, ఏడకండి." నన్ను ఆ పిల్లే ఓదార్చింది.

సెంటర్ వాళ్లు అన్నట్టే సెలవులు సగం చేశారు. ఆ ఏడాదంతా ఆమె ఏరి ఏరి ఆడింది. తన ఐదింట్లో చిన్నదాన్ని పడగొట్టగల టోర్నమెంటుకే బండెక్కింది. నేనూ మారాను. కొత్త పేషెంటు ఎవరొచ్చినా నొప్పెక్కడ అని అడిగి వదిలేయను. "ఇంటికెళ్లాక నీ చేతులేం చేస్తాయో పొద్దుట్నించి చెప్పు" అంటాను. ఆడవాళ్లు మొదట తెల్లబోతారు, తర్వాత చెప్పడం మొదలుపెడితే అరగంట పడుతుంది.

మరుసటి ఏడాది మార్చిలో మళ్లీ ఇద్దరూ వచ్చారు. ఈసారి కూతురు తల్లిని పట్టుకొచ్చింది. అప్పలమ్మ నడుం పూర్తిగా ఒక పక్కకి ఒరిగిపోయింది. బల్ల ఎక్కించి చూస్తూ, "విశాఖలో చిన్న టోర్నీ ఈ వారమే కదా, వెళ్లలేదేం?" అన్నాను.

"ఇప్పుడు పద్నాలుగో స్థానంలో ఉన్నాను మేడమ్. నా ఐదింట్లో తక్కువదే ముప్పై అయిదు. అది గెలిచినా ముప్పయ్యే, లెక్కలోకి రాదు. దానికని ఉంచుకున్న సెలవులు అమ్మకెట్టేను." నోటు పుస్తకం నా ముందుకు జరిపింది. "అమ్మకీ రాయండి. రెస్టని కాదు. నాకు రాసినట్టు, ఒక్కోటీ."

"దీనికి పిచ్చా ఏటి? నాకేటయిందని?" అని అప్పలమ్మ బల్ల మీంచే గొడవ పెట్టింది. నేను రాశాను. పేజీ నిండిపోయింది.

తర్వాతి వారం సోంపేట నుంచి బారువ వెళ్లాను. అరుగు మీద గోనెపట్టా లేదు, పిక్కలు లేవు. నున్నగా దువ్విన తలతో అప్పలమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. నల్లటి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు వాటినే చూస్తోంది.

"ఇలగ కూకుంటే సిగ్గేత్తంది డాట్రమ్మా" అంది.

"అలవాటవుతాదిలే" అని నూకరత్నం పళ్లెంలో చేపల పులుసు అన్నం కలిపింది, ముద్ద చేసింది. "నోరు తెరువే అమ్మా" అని బొటనవేలితో ముద్దని మెత్తగా తల్లి నోట్లోకి వదిలింది.